మౌనానికి ముప్ఫై నిమిషాల గడువు

ముంబైలో అర్ధరాత్రి దాటి రెండు గంటలు. ఆయన ఎదురుగా గోడ మీదున్న గడియారం మాత్రం 20.30 చూపిస్తోంది. విమానాలకు ప్రపంచమంతటా ఒకటే గడియారం. అది మన కాలమానం కన్నా ఐదున్నర గంటలు వెనక నడుస్తుంది. చెవులకు హెడ్‌ఫోన్లు. వాటిలో మూకుట్లో ఆవాలు చిటపటలాడుతున్నట్టు ఒకటే రొద. ఆ రొదలోంచి, నూతి అడుగు నుంచి వచ్చినట్టుగా ఒక గొంతు: "ముంబై, ముంబై..." తర్వాతి రెండు మాటలు రొదలో కలిసిపోయాయి.

ఆయన కళ్లు మూసుకున్నారు. కళ్లు మూసుకుంటే చెవులు బాగా పనిచేస్తాయని ఆయన నమ్మకం. విమానం పేరు, దాటిన బిందువు, దాటిన సమయం, ఎత్తు, తర్వాతి బిందువు, అక్కడికి చేరే సమయం. విన్నదంతా కాగితం మీద రాసుకుని అదే వరసలో తిరిగి చదివి వినిపించారు. అటు నుంచి "కరెక్ట్" అన్న మాట వచ్చింది. పని అయిపోయింది. అరేబియా సముద్రం మీద, పది కిలోమీటర్లకు పైగా ఎత్తున, ప్రయాణికులు నిద్రపోతున్న ఒక విమానం క్షేమంగా ఉందని భూమ్మీద ఒక మనిషికి తెలిసింది.

ముప్ఫై ఏళ్లకు పైగా ఆయన చేసిన ఉద్యోగం ఇదే. కాకినాడ దగ్గర ఒక పల్లెలో పుట్టి, వాల్తేరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, 1970ల్లో విమానయాన కమ్యూనికేషన్ విభాగంలో చేరారు. కలకత్తా, మద్రాసు, బొంబాయి తిరిగారు. ఆ మూడు నగరాల పేర్లూ ఆయన సర్వీసులో ఉండగానే మారాయి. వాటితో పాటే రేడియోలో పిలుపూ మారింది. చిటపట మాత్రం మారలేదు. 2011లో రిటైరై విశాఖపట్నంలో స్థిరపడ్డారు. ఏం ఉద్యోగం చేసేవారని కొత్తవాళ్లు అడిగితే ఆయన జవాబు ఒకటే: "క్షేమంగా ఉన్నామని విమానాలు ఉత్తరాలు రాసేవి. నేను చదివేవాణ్ణి."

ఆ పోలిక ఆయనకు ఊరికే తట్టలేదు. మొదటిసారి బొంబాయి రైలెక్కిన రోజున తల్లి ఒకటే మాట చెప్పింది: "దిగగానే కార్డు ముక్క రాయి నాయనా." కొత్త ఊరు, కొత్త కొలువు. గది వెతుక్కునే హడావుడిలో ఆయన కార్డు రాసేసరికి తొమ్మిది రోజులైంది. ఆ తొమ్మిది రోజులూ ఆమె పోస్టుమాన్ వచ్చే వేళకు అరుగు మీద కూర్చునేదట. "మామూలేనే, టపా ఆలస్యం" అని తండ్రి రోజూ సర్దిచెప్పేవారట. ఈ సంగతి చాలా ఏళ్ల తర్వాత చెల్లెలు చెబితేగానీ ఆయనకు తెలియలేదు. తండ్రి అన్నది నిజమే, ఏ ప్రమాదమూ జరగలేదు. కానీ ఆ 'మామూలే' అన్న మాట మీద ఆయనకు తర్వాత్తర్వాత భయం పట్టుకుంది. అందుకు కారణం తల్లి ఎదురుచూపు ఒక్కటే కాదు. ఆయన వృత్తి కూడా.

విమానం ఎక్కిన ప్రతివాళ్లూ పైలట్ భూమితో మాట్లాడుతూనే ఉంటాడనుకుంటారు. నేల మీదుగా వెళ్తున్నంతసేపూ దాదాపు అంతే. అక్కడ వాడేది వీహెచ్ఎఫ్ రేడియో. పక్క గదిలోంచి మాట్లాడినంత స్పష్టంగా వినపడుతుంది. కానీ ఆ తరంగం తిన్నగా పోతుంది, భూమేమో గుండ్రన. 35,000 అడుగుల ఎత్తున ఉన్న విమానానికైనా సుమారు 400 కిలోమీటర్లు దాటితే భూమి వంపు అడ్డొస్తుంది. ముంబై నుంచి మస్కట్ పదిహేను వందల కిలోమీటర్లు, నైరోబీ నాలుగున్నర వేలు. మధ్యలో ఎక్కువ భాగం నీళ్లే. నడి సముద్రంలో టవర్లు పాతలేరు.

అక్కడ అక్కరకొచ్చేది హెచ్ఎఫ్, అంటే 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ మధ్య తరంగాలు. రేడియో సిలోన్ పాటలు మన ఇళ్లకు మోసుకొచ్చిన షార్ట్‌వేవ్ కూడా ఇదే. ఈ తరంగాలు పైకి వెళ్లి, అక్కడి అయనావరణానికి తగిలి, వంగి మళ్లీ నేలకు దిగుతాయి. ఒక్క గెంతులో మూడు నాలుగు వేల కిలోమీటర్లు వెళ్లగలవు. అలాంటి పొర ఒకటి ఉందని 1924లో ఎడ్వర్డ్ ఆపిల్టన్ ప్రయోగంతో నిరూపించారు. అందుకు 1947లో నోబెల్ అందుకున్నారు. సరిగ్గా ఆ ఏడాదే కలకత్తాలో శిశిర్ కుమార్ మిత్ర రాసిన 'ది అప్పర్ అట్మాస్ఫియర్' వెలువడింది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ భావరాజు రామచంద్రరావు అయనావరణ పరిశోధనకు పునాదులు వేశారు. ఆయన పాఠాలు చదువుకున్నది ఆ విభాగంలోనే. క్లాసులో గీతలుగా చూసిన పొరలు ఉద్యోగంలో గొంతులుగా వినిపించాయి.

ఆకాశంలో ఆ కప్పు వేసేది సూర్యుడు. పగలు మందంగా ఉంటుంది, రాత్రి పల్చబడుతుంది. అందుకే పగలు పనికొచ్చే ఫ్రీక్వెన్సీ రాత్రి పనికిరాదు. ముంబై వాడే వాటిలో 10018 కిలోహెర్ట్జ్ పగటికి అనువు, 5658 రాత్రికి. మధ్యలో సంధ్యవేళ ఏదీ కుదురుగా ఉండదు. పైగా అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది. సూర్యుడు గుంకాక అక్కడి పొరలు చెదిరిపోయి గొంతులు వణుకుతాయి. ఒక్కోసారి దగ్గర్లో ఉన్న విమానానికి వినపడని మాట రెండు వేల కిలోమీటర్ల అవతలి వాడికి శుభ్రంగా వినపడుతుంది. రిసీవర్ ట్యూనింగ్ కాస్త పక్కకు జరిగితే కెప్టెన్ గంభీరమైన గొంతు కాస్తా బాతు కూతలా మారిపోతుంది. వీటికి తోడు ఒకే ఫ్రీక్వెన్సీలో అరబ్బు, ఇథియోపియా, రష్యా, కేరళ యాసల ఇంగ్లిషు. తొమ్మిదిని 'నైనర్' అనీ ఐదును 'ఫైఫ్' అనీ పలకాలని అంతర్జాతీయ నియమం పెట్టింది ఈ తిప్పలు తెలిసే. నైన్, ఫైవ్ రొదలో ఒకేలా వినిపిస్తాయి మరి.

ఈ మాత్రం సౌకర్యానికైనా చాలా కాలం పట్టింది. 1932 అక్టోబర్ 15న జేఆర్డీ టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా మోసుకొచ్చిన చిన్న పుస్ మోత్ విమానంలో రేడియోనే లేదు. గాల్లో ఉన్నంతసేపూ ఆయన ఎక్కడున్నారో నేల మీద ఎవరికీ తెలియదు. 1948 జూన్ 8న ఎయిరిండియా ఇంటర్నేషనల్ తొలి విమానం 'మలబార్ ప్రిన్సెస్' బొంబాయి నుంచి లండన్‌కు బయల్దేరే నాటికి, దూర ప్రయాణాల విమానాల్లో రేడియో చూసుకోవడానికే ప్రత్యేకంగా ఒక అధికారి ఉండేవాడు. 1955 ఏప్రిల్ 11న బాండుంగ్ సదస్సుకు ప్రతినిధులను తీసుకెళ్తున్న ఎయిరిండియా 'కశ్మీర్ ప్రిన్సెస్'లో హాంకాంగ్ నుంచి జకార్తా వెళ్లే దారిలో బాంబు పేలింది. రేడియో మూగబోయే లోపల సిబ్బంది మూడుసార్లు ఆపద సందేశం పంపారు. తాము నటునా దీవుల దగ్గరున్నామని చెప్పారు. 19 మందిలో ముగ్గురే బతికారు. రెక్క కాలుతుండగా కూడా 'ఎక్కడున్నాం' అన్నది చెప్పడం మానని ఆ మనుషులంటే ఆయనకు గొప్ప గౌరవం. కొత్తగా చేరిన కుర్రాళ్లకు ఆయన చెప్పే మొదటి పాఠం ఆ కథే.

తర్వాత రేడియో అధికారి కుర్చీ విమానంలోంచి పోయింది. పైలట్లే మాట్లాడటం మొదలుపెట్టారు. వాళ్ల చెవులకు ఉపశమనంగా సెల్‌కాల్ వచ్చింది. ప్రతి విమానానికీ నాలుగక్షరాల గుర్తు ఉంటుంది. నేల మీది ఆపరేటర్ ఆ అక్షరాలు నొక్కితే కాక్‌పిట్‌లో గంట మోగుతుంది. అంతదాకా పైలట్ రొద తగ్గించేసుకుని కూర్చోవచ్చు. మన మిస్డ్ కాల్ లాంటిదే. కానీ ఆపరేటర్‌కు ఆ సుఖం లేదు. ఎవరు ఎప్పుడు పిలుస్తారో తెలియదు కాబట్టి అతను వింటూనే ఉండాలి.

వినపడకపోతే ఏం చేయాలో నియమాల్లో స్పష్టంగా ఉంది. విమానం ఫలానా సమయానికి మాట్లాడాలి. మాట్లాడలేదు. ఆ సమయం దాటి ముప్ఫై నిమిషాలు గడిచాయంటే దాని క్షేమం అనుమానంలో పడ్డట్టు. దానికి 'ఇన్‌సెర్ఫా' అని సంకేత నామం. ఆపైన 'అలెర్ఫా', చివరిది 'డెట్రెస్ఫా'. అంటే మౌనానికి ఒక గడువుంది. గడువు దాటాక ఎవరో ఒకరు లేచి వెతకడం మొదలుపెట్టాలి. ఈ మొత్తం ఏర్పాటులో తెలివైన అంశం ఇదేనని ఆయన అంటారు. అందరూ రేడియో మాట్లాడుకోవడానికనుకుంటారు. మాట ఆగిపోయినప్పుడు ఆ సంగతి తెలియడానికి కూడా అదే ఆధారం.

చిక్కల్లా ఎక్కడంటే, హెచ్ఎఫ్‌లో మౌనం రోజూ ఉండేదే. సూర్యుడి మీద పేలుడు జరిగినా మౌనమే, ఇద్దరు ఒకేసారి మాట్లాడినా మౌనమే, పైలట్ వేరే ఫ్రీక్వెన్సీలో పిలుస్తున్నా మౌనమే. వందసార్లు మౌనంగా ఉన్న విమానం వందసార్లూ క్షేమంగానే తేలితే, నూటొకటోసారి ఎవరు లేస్తారు?

1990ల్లో ఒక వానాకాలపు రాత్రి ఆయనకు ఆ ప్రశ్న ఎదురైంది. పశ్చిమం నుంచి వస్తున్న ఒక విమానం 'పరార్' అనే బిందువు దగ్గర మాట్లాడాలి. సముద్రం మీది ఇలాంటి ఊహా బిందువులన్నిటికీ ఐదేసి ఇంగ్లిషు అక్షరాల పేర్లు పెడతారు. ఈ పేరు వినగానే తెలుగువాళ్లకు నవ్వొస్తుంది. ఆ రాత్రి విమానం నిజంగానే పరారైంది. పది నిమిషాలు గడిచాయి. పక్క సీట్లో గుంటూరు నుంచి వచ్చిన కొత్త కుర్రాడు.

"సార్, ఇరవై నిమిషాలైందండీ. కంట్రోలర్‌కి చెబుదామా?"

"మామూలే బాబూ. అవతల ఇంకో ఫ్రీక్వెన్సీలో అరుస్తుంటాడు. కూర్చో."

కుర్రాడు కూర్చోలేదు. దగ్గర్లో ఎగురుతున్న మరో విమానాన్ని పిలిచి, దాన్ని వీహెచ్ఎఫ్‌లో ఒకసారి వెతకమని అడిగాడు. గాల్లో ఉన్న రెండు విమానాలు ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవడానికి 123.45 మెగాహెర్ట్జ్ ఉంది. ఇరవై ఎనిమిదో నిమిషంలో ఆ రెండో విమానం జవాబు తెచ్చింది. మొదటిది క్షేమంగానే ఉంది. అరగంటగా వేరే ఫ్రీక్వెన్సీలో ముంబైని పిలుస్తూనే ఉంది. ఆయన ఊహించిందే అక్షరాలా నిజమైంది.

కుర్రాడు నవ్వాడు. ఆయనకు నవ్వు రాలేదు. రిజిస్టరులో రాయడానికేమీ లేదు, ఎవరూ అడిగిందీ లేదు. కానీ తెల్లవారి క్వార్టర్స్‌కు నడిచి వెళ్తుంటే ఆయనకు తెలిసింది, తను ఆ రాత్రి విమానం గురించి ఏమీ తెలుసుకోలేదని. అలవాటు కొద్దీ ఒక మాట అన్నారు, అదృష్టం కొద్దీ అది నిజమైంది. అరుగు మీద కూర్చున్న తల్లికి తండ్రి చెప్పిన మాటే తన నోట వచ్చింది. జరగని ప్రమాదానికి ఎవరూ బాధ్యులు కారు. అయినా ఆయన మాత్రం దాన్ని తన లెక్కలోనే రాసుకున్నారు.

2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447 అట్లాంటిక్‌లో పడిపోయింది. రియో నుంచి పారిస్ వెళ్తున్న 228 మందీ చనిపోయారు. 2012లో వచ్చిన ఫ్రెంచి దర్యాప్తు నివేదికను ఆయన రిటైరయ్యాక తీరిగ్గా చదివారు. పత్రికలన్నీ కాక్‌పిట్ సంభాషణ గురించి రాశాయి. ఆయన ఆగిపోయింది అంతకు ముందున్న కొన్ని వాక్యాల దగ్గర. అంతర్జాతీయ కాలమానం ప్రకారం రాత్రి 1.35కి ఆ విమానం బ్రెజిల్‌లోని అట్లాంటికో కేంద్రంతో హెచ్ఎఫ్‌లో మాట్లాడింది. సెల్‌కాల్ పరీక్ష చేస్తే గంట మోగింది. ఆ వెంటనే కంట్రోలర్ 'టాసిల్' అనే బిందువుకు ఎన్నింటికి చేరతారని అడిగాడు. జవాబు లేదు. మళ్లీ అడిగాడు. మూడోసారీ అడిగాడు. జవాబు రాలేదు. ఆ తర్వాత విమానానికీ నేలకూ మధ్య మాటల్లేవు. 2.14కి అది సముద్రంలో పడింది. ఆపద దశ ప్రకటించేసరికి దాదాపు ఆరు గంటలు గడిచాయి.

విమానం కూలింది రేడియో వల్ల కాదు. వేగం కొలిచే గొట్టాల్లో మంచు పేరుకుంది, సిబ్బంది తికమకపడ్డారు, విమానం స్టాల్ అయింది. వెంటనే వెతికినా ఎవరూ బతికి ఉండేవారు కాదు. ఇదంతా ఆయనకు తెలుసు. అయినా మూడుసార్లు అడిగి వదిలేసిన ఆ గొంతు ఆయన్ను వదల్లేదు. "ఆ కుర్చీలో నేనున్నా అదే చేసేవాణ్ణేమో" అంటారు. తప్పు పట్టడం కోసం ఆ మాట అనరు. సముద్రం మీద జవాబు రాకపోవడం అక్కడ కూడా మామూలే అయిపోయిందన్నది ఆయన బాధ.

నాలుగేళ్లు తిరక్కుండానే అలాంటి మౌనం ఆయన ఊరికి వచ్చింది. 2016 జులై 22 ఉదయం 8.30కి చెన్నై దగ్గరి తాంబరం నుంచి వైమానిక దళం ఏఎన్-32 విమానం 29 మందితో పోర్టు బ్లెయిర్‌కు బయల్దేరింది. 9.12కి, చెన్నైకి సుమారు 280 కిలోమీటర్ల దూరంలో బంగాళాఖాతం మీద, రాడార్ తెరపైంచి మాయమైంది. అందులో ఎనిమిది మంది విశాఖలోని నావికాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. ఏ ఫ్రీక్వెన్సీలోనూ ఆపద సందేశం రాలేదని అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ పార్లమెంటుకు చెప్పారు. అక్కడ వినడానికి అసలు గొంతే లేదు. ఎంత మంచి ఆపరేటరైనా చేయగలిగింది లేదు. వెతుకులాట ఆ రోజే మొదలైంది. నౌకలు, విమానాలు వారాల తరబడి గాలించాయి. చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాలు కనిపించాయని 2024 జనవరిలో ప్రభుత్వం ప్రకటించింది. ఏడున్నరేళ్లు. ఆ ఇళ్లలో ఎదురుచూస్తున్న వాళ్లకు ఏ నియమమూ గడువు పెట్టలేదు. నగరంలో ఆ కుటుంబాల ప్రస్తావన వస్తే ఆయన మాట్లాడరు, లేచి వెళ్లిపోతారు.

ఇప్పుడు సముద్రం మీద చాలా మారింది. 2000 దశకం నుంచి మన దేశపు సముద్ర గగనతలంలోనూ ఉపగ్రహాల ద్వారా సందేశాలు నడుస్తున్నాయి. పైలట్ టైపు చేస్తాడు, కంట్రోలర్ తెర మీద చదువుతాడు. విమానం తన స్థానాన్ని తనే పంపుకుంటుంది. 2014 మార్చిలో మలేసియా ఎంహెచ్ 370 మాయమయ్యాక, పెద్ద విమానాల స్థానాన్ని సముద్రాల మీద కనీసం పదిహేను నిమిషాలకోసారి తెలుసుకోవాలన్న అంతర్జాతీయ నియమం 2018 నవంబర్‌లో అమల్లోకొచ్చింది.  ఉపగ్రహ సౌకర్యం లేని విమానాలకు, ఉన్నా అది మొరాయించిన రోజున, హెచ్ఎఫ్ ఇంకా అక్కరకొస్తూనే ఉంది.

యంత్రం మారితే సరిపోతుందా అని అడిగితే ఆయన ఒక ఉదాహరణ చెబుతారు. 2017 సెప్టెంబర్ 6న సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగింది. బ్రెజిల్, ఫ్రెంచి గయానా తీరాల ఆవల ఒక విమానంతో హెచ్ఎఫ్ సంబంధం దాదాపు తొంభై నిమిషాలు తెగిపోయింది. ఈసారి ఎవరూ మామూలే అనుకోలేదు. ప్రమాద హెచ్చరిక దశ ప్రకటించారు. చివరికి విమానం ఫలానా చోట ఉందని న్యూయార్క్ రేడియోకు కబురు అందాకే దాన్ని ఎత్తేశారు. విమానానికి ఏమీ కాలేదు. ఉత్తపుణ్యాన కంగారు పడ్డారని ఎవరైనా అనొచ్చు. ఆయన మాత్రం అది చదివి సంతోషించారు. వాడిన రేడియో పాతదే, చెడగొట్టిన సూర్యుడూ పాతవాడే. నేల మీద కూర్చున్న మనిషి మాత్రం గడువును గడువుగా చూశాడు.

ఇంట్లో ఆయన అలవాటు చూసి అందరూ నవ్వుతారు. ఎవరు ఊరికెళ్తున్నా ఎన్నింటికి చేరతారో అడిగి క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసుకుంటారు. ఆ సమయానికి ముప్ఫై నిమిషాలు కలుపుతారు. అప్పటికి ఫోన్ రాకపోతే తనే చేస్తారు. చేరానని మెసేజ్ పెడితే ఒప్పుకోరు, గొంతు వినాలి. భార్య విసుక్కుంటుంది, అల్లుడు ముసిముసిగా నవ్వుకుంటాడు.

మొన్న కూతురు హైదరాబాద్ వెళ్లడానికి రాత్రి రైలెక్కింది. ప్లాట్‌ఫారం మీద ఆయన నోరు తెరవబోయేలోపే కిటికీలోంచి తనే చెప్పింది:

"ఆరుంబావుకి దిగుతా నాన్నా. ఆరూ ముప్పావు దాకా కంగారు పడకు."

ఆయన ఆ రెండు అంకెలూ తిరిగి చదివి వినిపించారు.